పుస్తకాలు చదివితే ఏమొస్తుంది? రుజువైన లాభాలు, ఇంకా తేలని సంగతులు

క్లుప్తంగా

పుస్తక పఠనం వల్ల వచ్చే లాభాల్లో అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్నవి రెండు: పదసంపద పెరగడం, విషయజ్ఞానం పెరగడం. ఇవి ఒక్క పుస్తకంతో రావు, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోగుపడతాయి. ఎదుటివాళ్లను అర్థం చేసుకోవడం, ఆయుష్షు, టెన్షన్ తగ్గడం లాంటి వాటిలో కొన్నిటికి కొంత ఆధారం ఉంది, కొన్నిటికి దాదాపు లేదు. చదవడమే కష్టంగా ఉన్న పిల్లలకు ‘పుస్తకాలు చదువు’ అని చెబితే సరిపోదు, ముందు ఆ కష్టం తీరాలి.

గందరగోళం ఎక్కడుంది?

పుస్తకాలు చదవడం మంచిదని అందరూ అంటారు. ఎందుకు మంచిదని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. ఆరు నిమిషాలు చదివితే టెన్షన్ 68 శాతం తగ్గిపోతుందని ఒక ఫార్వర్డ్ మెసేజ్, చదివేవాళ్లు రెండేళ్లు ఎక్కువ బతుకుతారని ఇంకొకటి, నవలలు చదివితే మనసు మెత్తబడుతుందని మరొకటి. ఇవన్నీ చూసి విసిగిపోయినవాళ్లు, ఏ విషయమైనా పది నిమిషాల వీడియోలో తెలిసిపోతుంటే మూడు వందల పేజీలు ఎందుకు తిప్పాలి అని అడుగుతున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కూడా ఉంది. కాకపోతే అది ఇలాంటి మెసేజ్‌ల్లో దొరకదు, ఎందుకంటే చదవడం వల్ల వచ్చే అసలు లాభం చాలా నిదానంగా వస్తుంది, ఆరు నిమిషాల్లో కొలిచి చూపించగలిగేది కాదు.

మెదడులో చదవడానికంటూ చోటు లేదు

మాట్లాడటం పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చుట్టూ మాటలు వినబడుతుంటే అదే వచ్చేస్తుంది. చదవడం అలా రాదు. మనిషి రాయడం మొదలుపెట్టి సుమారు 5 వేల ఏళ్లే అయింది. మెదడు పరిణామానికి అది చాలా తక్కువ కాలం కాబట్టి, చూపుకీ మాటకీ ఉన్నట్టు చదవడానికి పుట్టుకతో వచ్చే ఏర్పాటు ఏదీ మెదడులో లేదు. ఫ్రాన్స్ న్యూరోసైంటిస్ట్ స్టానిస్లాస్ డెహేన్ వివరణ ప్రకారం, ముఖాలనూ వస్తువులనూ గుర్తుపట్టే ప్రాంతంలో ఒక భాగాన్ని మెదడు అక్షరాల కోసం మళ్లీ వాడుకుంటుంది. అక్కడి నుంచి మాటకు సంబంధించిన భాగాలకు దారి వేస్తుంది.

ఆయన బృందం 2010లో ‘సైన్స్’ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో బ్రెజిల్, పోర్చుగల్ దేశాలకు చెందిన 63 మంది పెద్దవాళ్లను పరీక్షించారు. వాళ్లలో కొందరికి చదువు రాదు, కొందరు చిన్నప్పుడే నేర్చుకున్నారు, కొందరు బడికి వెళ్లకుండా పెద్దయ్యాక నేర్చుకున్నారు. చదవడం బాగా వచ్చినవాళ్లలో అక్షరాలను చూసే భాగం చురుగ్గా పనిచేయడమే కాదు, మాటలు వినేటప్పుడు మెదడు స్పందించే తీరు కూడా మారింది. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లలోనూ ఈ మార్పుల్లో చాలావరకు కనిపించాయి. అంటే వయసు దాటిపోయిందని వదిలేయాల్సిన విద్య కాదు ఇది.

ఇందులో అసలు కీలకం అలవాటు. మొదట్లో అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివే పిల్లవాడి శ్రద్ధంతా ఆ పనికే అయిపోతుంది, అర్థానికి ఏమీ మిగలదు. చదవగా చదవగా పదాన్ని చూడగానే గుర్తుపట్టే స్థితి వస్తుంది, అప్పుడు మెదడుకు వాక్యం గురించి, దాని వెనకున్న ఆలోచన గురించి పట్టించుకునే వీలు కలుగుతుంది. (ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు లాంటి తక్కువ అక్షరాల భాషల మీద జరిగినవి. గుణింతాలు, ఒత్తులు ఉన్న లిపుల్లో అక్షరాలన్నీ పట్టుబడటానికే పిల్లలకు ఎక్కువ ఏళ్లు పడుతుందని కన్నడ మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ దశలో పిల్లలకు మరింత ఓపిగ్గా సాయం చేయాలి.)

మాటల్లో దొరకని మాటలు పుస్తకంలో ఎందుకు దొరుకుతాయి?

ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే చాలా సంగతులు చెప్పకుండానే అర్థమైపోతాయి. చెయ్యి చూపిస్తే చాలు, గొంతు మారితే చాలు, ‘అదే, ఆరోజు జరిగింది’ అంటే చాలు. అందుకే మామూలు సంభాషణ తక్కువ పదాలతో నడిచిపోతుంది. రాసేవాడికి ఆ సౌకర్యం లేదు. ఎదురుగా ఎవరూ ఉండరు, చదివేవాడు ఎవరో ఎక్కడుంటాడో తెలియదు, గదిలో వెలుతురు దగ్గర్నుంచి మనిషి మనసులో తటపటాయింపు దాకా అన్నీ పదాల్లోనే పెట్టాలి. కాబట్టి రాతలో అరుదైన పదాలు, పొడవైన వాక్యాలు, ఒక మాటను ఇంకో మాటకు ముడివేసే నిర్మాణాలు ఎక్కువగా వస్తాయి.

ఈ తేడాను 1988లో డొనాల్డ్ హేస్, మార్గరెట్ ఆరెన్స్ ఇంగ్లీషులో లెక్కగట్టారు. ఎక్కువగా వాడే మొదటి 10 వేల పదాల జాబితాలో లేనివాటిని అరుదైన పదాలు అనుకుని, ప్రతి వెయ్యి పదాలకు అవి ఎన్ని వస్తున్నాయో చూశారు. కాలేజీ చదువులు చదివిన పెద్దవాళ్లు స్నేహితులతో మాట్లాడుకునేటప్పుడు 17 వచ్చాయి. పెద్దల కోసం తీసిన టీవీ కార్యక్రమాల్లో 23 దాకా వచ్చాయి. పిల్లల పుస్తకాల్లో దాదాపు 31, పెద్దల పుస్తకాల్లో 53 వరకు వచ్చాయి. ఇది ఒకసారి ఆగి చూడాల్సిన ఫలితం: పిల్లల కోసం రాసిన పుస్తకంలో ఉన్నన్ని కొత్త మాటలు, బాగా చదువుకున్న పెద్దల కబుర్లలో లేవు. ఇంట్లో అందరూ చక్కగా మాట్లాడతారు కదా, పదాలు వాటంతటవే వస్తాయిలే అనుకోవడం ఎందుకు సరిపోదో ఇక్కడ తెలుస్తుంది.

అయితే పుస్తకంలో కనిపించిన ప్రతి కొత్త పదమూ మనసుకు పట్టదు. ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన 1999 నాటి విశ్లేషణ ప్రకారం, విద్యార్థులు మామూలుగా చదువుకుంటూ పోతే తెలియని పదాల్లో సగటున 15 శాతం మాత్రమే ఎంతో కొంత నేర్చుకుంటారు. వందలో 15 అంటే తక్కువే. ఒక పదం మొదటిసారి కనిపించినప్పుడు లీలగా ఏదో తోస్తుంది, ఇంకోచోట ఇంకో వాక్యంలో కనిపించినప్పుడు కొంచెం స్పష్టమవుతుంది, ఐదారుసార్లయ్యాక సొంతమవుతుంది. ఇదంతా జరగాలంటే చాలా చదవాలి. దీనికి దగ్గరదారి లేదు.

నిమిషాల్లో తేడా, లక్షల్లో తేడా

చాలా అంటే ఎంత? అమెరికాలో ఐదో తరగతి పిల్లలు 155 మంది బడి బయట ఎంతసేపు చదువుతున్నారో రాసి పెట్టించిన అధ్యయనం ఒకటి 1988లో వచ్చింది. వంద మందిని వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే పిల్లవాడు రోజుకు 5 నిమిషాలకన్నా తక్కువే పుస్తకాలు చదువుతున్నాడు. అయినా ఏడాదికి 2.8 లక్షల పదాలు అతని కళ్లముందు నుంచి పోతున్నాయి. పై నుంచి పదో స్థానంలో ఉన్న పిల్లవాడు రోజుకు 21 నిమిషాలు చదివి ఏడాదికి 18 లక్షల పదాలు చూస్తున్నాడు. కింద నుంచి పదో స్థానంలో ఉన్న పిల్లవాడు చదివేది ఏడాది మొత్తానికి 8 వేల పదాలు. పై నుంచి పదో స్థానంలో ఉన్న పిల్లవాడికి అంత చదవడానికి రెండు రోజులు కూడా పట్టదు.

ఈ తేడా చక్రవడ్డీలా పెరుగుతుంది. ఎక్కువ పదాలు తెలిసినవాడికి తర్వాతి పుస్తకం తేలిగ్గా ఉంటుంది, తేలిగ్గా ఉంటే ఇష్టం కలుగుతుంది, ఇష్టం కలిగితే ఇంకా చదువుతాడు. తక్కువ తెలిసినవాడికి ప్రతి పేజీలో అడ్డంకులే, అతను తప్పించుకుంటాడు, తప్పించుకున్నకొద్దీ ఇంకా వెనకబడతాడు. కీత్ స్టానోవిచ్ అనే పరిశోధకుడు 1986లో దీన్ని ‘మాథ్యూ ఎఫెక్ట్’ పేరుతో వివరించాడు, ఇప్పటికీ ఈ రంగంలో ఆ పేరే వాడుతున్నారు. 2011లో సుజాన్ మోల్, అడ్రియానా బస్ అనే ఇద్దరు 99 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు కూడా ఇదే ధోరణి కనిపించింది. భాషా సామర్థ్యంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో, చదివే అలవాటుతో ముడిపడినది బడికి రాని చిన్నపిల్లల్లో 12 శాతం ఉంటే, కాలేజీ వయసుకు వచ్చేసరికి 34 శాతానికి చేరింది. వయసుతో పాటు ఈ సంబంధం బలపడుతోందన్నమాట.

చదవడం రాని వయసులో చదివి వినిపించడానికీ ఈ లెక్కే వర్తిస్తుంది. పిల్లల పుస్తకాల్లో ఉండే పదాలను లెక్కబెట్టి వేసిన ఒక అంచనా 2019లో వచ్చింది. రోజూ ఐదు బొమ్మల పుస్తకాలు చదివి వినిపించిన పిల్లలు, అసలు వినని పిల్లలకన్నా ఐదేళ్లు వచ్చేసరికి సుమారు 14 లక్షల పదాలు ఎక్కువ వింటారని అందులో తేలింది.

అర్థం కావడమంటే ముందే కొంత తెలిసి ఉండటం

పదాలన్నీ తెలిసినా వాక్యం అర్థం కాని సందర్భాలు అందరికీ ఎదురవుతాయి. తెలియని రంగానికి చెందిన వ్యాసం చదివినప్పుడు ఇలా జరుగుతుంది. రాసేవాళ్లు ప్రతిదీ విప్పి చెప్పరు, కొన్ని పాఠకుడికి తెలుసనుకుని వదిలేస్తారు, ఆ ఖాళీలను మనకున్న జ్ఞానంతో మనమే నింపుకోవాలి. దీన్ని చూపించే చక్కటి ప్రయోగం 1988లో జరిగింది. 64 మంది విద్యార్థులకు బేస్‌బాల్ ఆటలో కొంత భాగాన్ని వర్ణించే పేరా ఇచ్చారు. కొందరు చదవడంలో గట్టివాళ్లు, కొందరు బలహీనులు. కొందరికి ఆ ఆట బాగా తెలుసు, కొందరికి తెలియదు. చదవడంలో బలహీనులైనా ఆట తెలిసినవాళ్లు, బాగా చదవగలిగినా ఆట తెలియనివాళ్లకన్నా ఆ పేరాను ఎంతో బాగా అర్థం చేసుకుని చెప్పగలిగారు.

వీడియోలు చాలవా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. వీడియో కూడా జ్ఞానం ఇస్తుంది, కాదనలేం. గుండె ఎలా కొట్టుకుంటుందో, ఇంజిన్ ఎలా తిరుగుతుందో చూపించడంలో బొమ్మకున్న శక్తి అక్షరానికి లేదు. కానీ ఒక వాదనను మెట్టుమెట్టుగా కట్టుకుంటూ, రెండో అధ్యాయంలో చెప్పినదాని మీద ఏడో అధ్యాయాన్ని నిలబెట్టి, మధ్యలో వచ్చే అభ్యంతరాలకు కూడా సమాధానం చెప్పడానికి పుస్తకానికి ఉన్నంత చోటు ఇంకెక్కడా ఉండదు. పైగా వేగం చదివేవాడి చేతిలో ఉంటుంది. మామూలుగా చదివేటప్పుడు కూడా కళ్లు గీత గీసినట్టు ముందుకు పోవు. సెకనులో నాలుగో వంతు సేపు ఒకచోట ఆగుతాయి, గెంతుతాయి, మళ్లీ ఆగుతాయి, ఆ గెంతుల్లో 10 నుంచి 15 శాతం వెనక్కి వెళ్లేవే. అర్థం కానిచోట కన్ను తనంతట తానే వెనక్కి తిరుగుతుంది.

చెట్టు ముందా, విత్తు ముందా?

ఇంతవరకు చెప్పినదానికి గట్టి అభ్యంతరం ఒకటుంది. చదవడం వల్ల తెలివి పెరుగుతోందా, లేక తెలివైనవాళ్లే ఎక్కువగా చదువుతున్నారా? పుస్తకాలున్న ఇళ్లలో సాధారణంగా డబ్బు, చదువు, తీరిక కూడా ఉంటాయి కదా. ఈ ప్రశ్నను పక్కన పెట్టి లాభాల జాబితా ఇచ్చేవాళ్లను నమ్మడం కష్టం.

కవలల మీద జరిగిన అధ్యయనాలు ఈ చిక్కును కొంత విప్పాయి. ఏడేళ్ల కవల పిల్లలు 11 వేలమందికి పైగా పాల్గొన్న 2018 నాటి డచ్ అధ్యయనంలో, ఆ వయసులో ప్రభావం ప్రధానంగా ఒకవైపు నుంచే వస్తోందని తేలింది. బాగా చదవగలిగే పిల్లలు ఎక్కువ చదువుతున్నారు, ఎక్కువ చదవడం వల్ల సామర్థ్యం పెరిగిన జాడ ఆ వయసులో కనిపించలేదు. అంటే చిన్నతరగతుల్లో చదవని పిల్లవాడిని బద్ధకస్తుడని తిట్టడం అన్యాయం, అతనికి చదవడం కష్టంగా ఉండి ఉండొచ్చు, సాయం అందాల్సింది అక్కడ.

ఇంకోవైపు, బ్రిటన్‌లో 1,890 జతల ఏకరూప కవలల మీద 2015లో వచ్చిన అధ్యయనం ఉంది. జన్యువులూ ఇల్లూ ఒకటే అయినా, ఏడేళ్ల వయసులో తోడబుట్టిన కవలకన్నా మెరుగ్గా చదవగలిగిన పిల్లలకు తర్వాతి ఏళ్లలో తెలివితేటల పరీక్షల్లో ఎక్కువ మార్కులు వచ్చాయి, మాటలతో సంబంధం లేని పరీక్షల్లో కూడా. 1970లో బ్రిటన్‌లో పుట్టినవాళ్లను దశాబ్దాలుగా గమనిస్తున్న అధ్యయనం కూడా ఇదే దిక్కున చెబుతోంది. తల్లిదండ్రుల నేపథ్యాన్నీ, పిల్లల పాత మార్కులనూ లెక్కలోకి తీసుకున్నాక కూడా, ఇష్టంగా చదివే పిల్లలు 10 నుంచి 16 ఏళ్ల మధ్య పదసంపదలో ఎక్కువ ముందుకెళ్లారు. గణితంలోనూ తక్కువ స్థాయిలో ఆ ప్రభావం కనిపించింది.

వీటన్నిటినీ కలిపి చూస్తే క్రమం ఇలా కనిపిస్తోంది: మొదట చదవడం పట్టుబడాలి, పట్టుబడితే చదువుతారు, చదివినదాని ఫలం తర్వాతి ఏళ్లలో కనిపిస్తుంది.

కథలు చదివితే ఎదుటివాళ్లు అర్థమవుతారా?

సాహిత్య కథలు కాసేపు చదివినా ఎదుటివాళ్ల మనసును గుర్తించే శక్తి పెరుగుతుందని 2013లో ‘సైన్స్’లో వచ్చిన ప్రయోగం పెద్ద సంచలనమైంది. 2016లో మరికొందరు పరిశోధకులు అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. 2018లో 14 ప్రయోగాలను కలిపి విశ్లేషిస్తే చిన్నపాటి ప్రభావం ఉందని తేలింది. ఉంది, కానీ చిన్నదే.

ఏళ్ల తరబడి కథలు చదివేవాళ్ల విషయంలో ఆధారం కాస్త మెరుగు. మీరు ఎంత చదువుతారు అని అడిగితే జనం ఎక్కువ చేసి చెబుతారు కాబట్టి పరిశోధకులు వేరే దారి పట్టారు. నిజమైన రచయితల పేర్ల మధ్య రచయితలు కానివాళ్ల పేర్లు కలిపి జాబితా ఇస్తారు, అందులో ఎందరు రచయితలను గుర్తుపట్టారో చూస్తారు. ఈ పద్ధతిలో కొలిచినప్పుడు, కథా సాహిత్యం ఎక్కువగా చదివినవాళ్లు ఎదుటివాళ్ల భావాలను గుర్తుపట్టే పరీక్షల్లో కొంత మెరుగ్గా ఉన్నారు. అయితే మనుషుల మీద ఆసక్తి ఉన్నవాళ్లే కథలు ఎక్కువ చదువుతుండవచ్చు కాబట్టి దీన్నీ జాగ్రత్తగానే తీసుకోవాలి.

ఆయుష్షు, మతిమరుపు, టెన్షన్

రెండేళ్ల ఆయుష్షు అన్న మాట 2016 నాటి అమెరికా అధ్యయనం నుంచి వచ్చింది. 50 ఏళ్లు దాటిన 3,635 మందిని గమనిస్తే, పుస్తకాలు చదివేవాళ్లకు 12 ఏళ్ల కాలంలో మరణించే ముప్పు 20 శాతం తక్కువగా ఉంది. చదవనివాళ్లలో ఐదో వంతు మంది చనిపోయిన స్థితికి, చదివేవాళ్లు 23 నెలలు ఆలస్యంగా చేరారు. ఆస్తి, చదువు, ఆరోగ్యం లాంటివన్నీ లెక్కలో సర్దుబాటు చేశారు. అయినా ఇది గమనింపు మాత్రమే, ప్రయోగం కాదు. చదవడమే కారణమని దీన్నిబట్టి చెప్పలేం.

మతిమరుపు వ్యాధి విషయమూ ఇంతే. 75 ఏళ్లు దాటిన 469 మందిని గమనించిన 2003 నాటి అధ్యయనంలో చదవడం, వాద్యం వాయించడం, బోర్డు ఆటలు, నాట్యం లాంటి అలవాట్లున్నవాళ్లలో డిమెన్షియా ముప్పు తక్కువగా కనిపించింది. కానీ ఆ వ్యాధి బయటపడటానికి చాలా ఏళ్ల ముందే లోలోపల మొదలవుతుంది, అప్పుడే మనిషికి చదవడం మీద ఆసక్తి తగ్గిపోవచ్చు. అందుకే ఏది కారణం, ఏది ఫలితం అన్నది తేల్చడం కష్టం. జీవితమంతా మెదడుకు పని చెప్పినవాళ్లు వ్యాధి దెబ్బను ఎక్కువకాలం తట్టుకుంటారన్న వాదనకు మాత్రం పరిశోధకుల్లో మంచి ఆదరణ ఉంది.

ఇక 68 శాతం టెన్షన్. అది 2009లో బ్రిటన్‌లో కొద్దిమందితో చేసిన చిన్న ప్రయోగం, నిపుణుల పరిశీలన జరిగే జర్నల్‌లో రాలేదు. పడుకునే ముందు పుస్తకం చదివితే చాలామందికి మనసు నెమ్మదిస్తుంది, అది నిజం, దానికి ఆ అంకె అవసరం లేదు.

కాగితమా, స్క్రీనా, ఆడియోనా?

2000 నుంచి 2017 దాకా వచ్చిన 54 అధ్యయనాలను, అందులోని 1.7 లక్షల మందిని కలిపి చూసిన విశ్లేషణలో, అవే పాఠాలు కాగితం మీద చదివినవాళ్లకు కాస్త బాగా అర్థమయ్యాయని తేలింది. సమాచారం ఇచ్చే రచనల్లో, టైమ్ తక్కువగా ఉన్నప్పుడు ఈ తేడా కనిపించింది. ఒక్క కథల విషయానికొస్తే పెద్ద తేడా లేదు. ఫోన్లు అలవాటైనకొద్దీ తేడా తగ్గుతుందని చాలామంది అనుకున్నారు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ అది పెరిగింది. తెర మీద పైపైన చూసి దాటేసే అలవాటును మనం పుస్తకం దాకా తెస్తున్నామన్నది ఒక వివరణ.

రాత్రిపూట వెలుగు చిమ్మే తెర మీద చదివితే నిద్ర సుమారు 10 నిమిషాలు ఆలస్యమైందని 12 మందితో చేసిన 2015 నాటి చిన్న ప్రయోగం చెబుతోంది. ఆడియోబుక్ విషయంలో పెద్దవాళ్లకు బెంగ అక్కర్లేదు. విన్నవాళ్లకూ చదివినవాళ్లకూ అర్థం కావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2016లో ఒక ప్రయోగం చూపించింది. చదవడం ఇంకా నేర్చుకుంటున్న పిల్లల సంగతి వేరు, అక్షరాలను చూసి గుర్తుపట్టే సాధన వినడం వల్ల రాదు.

వేగం, జ్ఞాపకం

నిమిషానికి వెయ్యి పదాలు చదివిస్తామనే కోర్సులు ఎప్పుడూ ఉంటాయి. ఇంగ్లీషులో పెద్దవాళ్ల సగటు వేగం నిమిషానికి 240 పదాల దగ్గర ఉంటుంది, దానికన్నా బాగా పెంచితే అర్థం కావడం తగ్గుతుందని కంటి కదలికల మీద దశాబ్దాలుగా పనిచేసినవాళ్లు 2016లో తేల్చి చెప్పారు. ఆ మామూలు వేగంతోనే రోజుకు 20 నిమిషాలు చదివినా 80 వేల పదాల పుస్తకం 17 రోజుల్లో పూర్తవుతుంది. వేగం పెంచే ఒక్క నమ్మకమైన మార్గం పదసంపద, విషయజ్ఞానం పెంచుకోవడమే, అవి చదివితేనే వస్తాయి.

చదివింది గుర్తుండటం లేదన్నది చాలామంది బాధ. దీనికి జవాబు 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగంలో ఉంది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతల్లో మళ్లీ మళ్లీ, సగటున 14 సార్లు చదివారు. ఇంకొందరు మొదటి విడతలో మూడు నాలుగు సార్లు చదివి, ఆ తర్వాత మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే 14 సార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే వాళ్లకు గుర్తున్నది 40 శాతం, చూడకుండా రాసినవాళ్లకు గుర్తున్నది 61 శాతం. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది మాత్రం 14 సార్లు చదివినవాళ్లే. అధ్యాయం అయ్యాక పుస్తకం మూసి, ఇందులో ఏం చెప్పారని రెండు నిమిషాలు తమను తాము అడుగుకునేవాళ్లకు, అంతే సమయంలో ఇంకో రెండు పేజీలు తిప్పేవాళ్లకన్నా ఎక్కువ మిగలడానికి కారణం ఇదే.